పచ్చబొట్టు: గోదావరి సీమలో ఒక చేతిపని, ఒక మందు

సూదితో చర్మాన్ని పొడిచి, ఆ పోట్లలోకి మసినో రంగునో ఎక్కించి చెరగని గుర్తు నిలిపే పనిని, అలా నిలిచిన గుర్తును కూడా పచ్చబొట్టు అంటారు. గోదావరి డెల్టాలో ఇది సింగారంగా ఎంత పేరు పొందిందో మందుగానూ అంతే పేరు పొందింది. కీలు నొప్పి పట్టిన చోట, దిష్టి తగిలిందనుకున్న పిల్ల నుదుట, పోయినవాళ్ళ పేరు మిగలాలనుకున్న ముంజేతి మీద పచ్చ పొడిపించుకోవడం రెండు మూడు తరాల కిందటి దాకా ఇక్కడి పల్లెల్లో మామూలు సంగతి. ఇప్పుడు రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్ళలో అదే పని ఏసీ గదుల్లో టాటూ పేరుతో సాగుతోంది. పూర్వం పొడిచేదీ, పాట పాడి నొప్పి మరిపించేదీ, జోస్యం చెప్పేదీ, ఏడుస్తున్నవాళ్ళను ఊరడించేదీ ఒక్క మనిషే. ఆ మనిషి ఎరుకల స్త్రీ. ఆవిడ ఒక్కతే చేసిన పనిని నేడు టాటూ కళాకారుడు, చర్మవైద్యుడు, మనసుకు వైద్యం చేసే నిపుణుడు ముగ్గురూ పంచుకున్నారు. ముగ్గురిలో ఎవరూ ఆవిడ పేరు తలుచుకోరు.

మాట

తెలుగులో ‘పచ్చ’ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది. పచ్చబొట్టులో ఉన్నది ఆకుపచ్చ. తమాషా ఏమిటంటే ఒంట్లోకి ఎక్కించేది నల్లటి మసి. ఆ రేణువులు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున కూర్చుంటాయి కాబట్టి, పైనున్న చర్మపు పొరల్లోంచి తిరిగివచ్చే వెలుగు నీలమూ ఆకుపచ్చా కలిసిన ఛాయతో కంటికి చేరుతుంది. తమిళులు ‘పచ్చై కుత్తుదల్’ అంటారు, కన్నడిగులు ‘హచ్చె’ అంటారు. దక్షిణాది వాళ్ళు ఇలా రంగును పట్టుకుంటే హిందీవారి ‘గోద్నా’ పోటును పట్టుకుంది. ‘టాటూ’ అన్నది పసిఫిక్ దీవుల మాట ‘తతౌ’కు ఇంగ్లీషు రూపం, 1769లో కెప్టెన్ కుక్ ఓడ తాహితి చేరాక అది ఐరోపాకు తెలిసింది. గోదావరి కుర్రకారు నోట ఈ రెండు మాటలకూ క్రియలు వేరు. పచ్చబొట్టు ‘పొడిపించుకుంటారు’, టాటూ ‘వేయించుకుంటారు’. మొదటి మాటలో నొప్పి వినబడుతుంది. రెండో మాట చీరకు అంచు వేయించుకున్నంత సులువుగా వినబడుతుంది.

ఎరుకలసాని చేతిలో

చంకలో ఈతాకు బుట్ట, చేతిలో కర్ర, బుట్టలో అమ్మవారు కొల్లాపురమ్మ. ‘ఎరుక చెబుతానమ్మ ఎరుక’ అని వీధిలోకి వచ్చిన మనిషి అరుగు మీద కూర్చుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చేరేవారు. ఎరుకలవారు బుట్టలు, తట్టలు, చాపలు అల్లుతారు, పందులు పెంచుతారు, ఆడవాళ్ళు సోది చెబుతారు, పచ్చబొట్లు పొడుస్తారు. రైళ్ళు రాకముందు వీళ్ళలో చాలా కుటుంబాలు కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని మెరక దేశానికి చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చేవి. రైలు మార్గాలూ కొత్త ఉప్పు చట్టాలూ ఆ వర్తకాన్ని తినేశాక ఆడవాళ్ళ సోదీ సూదీయే చాలా ఇళ్ళకు తిండి పెట్టాయి.

తెలుగువాళ్ళ ఊహలో ఈ స్త్రీకి ఉన్న చోటు చిన్నది కాదు. పద్మావతి మీద మనసుపడ్డ వేంకటేశ్వరుడు ఆకాశరాజు ఇంటికి ఎరుకలసాని వేషంలోనే వెళ్ళాడని కథ. యక్షగానాల్లో ఎరుకల సింగి రంగం మీదకు వచ్చిందంటే ప్రేక్షకులు నిద్ర మత్తు వదిలించుకునేవారు. దేవుడికి కూడా ఆడవాళ్ళ లోగిట్లోకి నేరుగా వెళ్ళాలంటే ఆ వేషమే కావలసి వచ్చిందన్నది గమనించాలి. ఘోషా పాటించే ఇంట్లో సైతం గడప దాటి లోపలికి వెళ్ళి, కోడలి చెయ్యి పట్టుకుని, ‘నీ కడుపులో బాధేదో చెప్పు తల్లీ’ అనగలిగిన పరాయి మనిషి ఆవిడే.

మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1906లో అచ్చయిన దక్షిణ భారత జాతుల పరిశీలనల్లోనూ, 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన కులాలు, తెగల గ్రంథంలోనూ ఈ విద్యను రాసిపెట్టాడు. తమిళ దేశపు కొరవలు, తెలుగు దేశపు ఎరుకలవారు ఒకే జనమని అతని లెక్క. అతను కొలతలు తీసే మనిషి. తలలు, ముక్కులు కొలిచి మనుషులకు విలువ కట్టే ఆ శాస్త్రాన్ని ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. మసి తయారీ మాత్రం అతను ఓపిగ్గా చూసి రాశాడు.

మసి, సూది, పాట

పసుపు పొడి, అవిసె ఆకు కలిపి రోట్లో నూరతారు. ఆ ముద్దను పలచని గుడ్డకు పూసి, గుడ్డను వత్తిగా చుడతారు. ప్రమిదలో ఆముదం పోసి ఆ వత్తి వెలిగించి, పైన కొత్త మట్టికుండ బోర్లిస్తారు. కుండ లోపలి అంచుకు మసి పడుతుంది. దాన్ని గీకి, నీళ్ళతోగానీ చనుబాలతోగానీ రంగరిస్తారు. కంటి కాటుక పట్టే ఏ తెలుగు ఇల్లాలికైనా ఈ పద్ధతి కొత్త కాదు. ఆకు మారింది, అంతే.

సూదులు నాలుగైదు కలిపి దారంతో బిగించి కడతారు. ముందు పుల్లతో మసి ముంచి చర్మం మీద బొమ్మ గీస్తారు. ఎడమ చేత్తో చర్మాన్ని బిగలాగి పట్టుకుని, కుడి చేత్తో గీత వెంబడి టకటకా పొడుచుకుంటూ పోతారు. సన్నగా నెత్తురు చెమర్చుతుంది. దాన్ని తుడిచి మళ్ళీ మసి రుద్దుతారు. పొడిచినంతసేపూ పాట ఆగదు. పిల్ల ఏడిస్తే పాట రాగం పెరుగుతుంది. ‘అయిపోయింది బంగారం, ఇంకొక్క చుక్కే’ అంటూనే ఇంకో పది చుక్కలు పడతాయి. చివర నీళ్ళతో కడిగి పసుపు అద్దుతారు. నాలుగు రోజులకు పొక్కు కట్టి, రాలి, లోపలి పచ్చ తేలుతుంది.

ఒక్క చుక్కకు పావు అణా, పెద్ద బొమ్మకు పన్నెండు అణాల దాకా తీసుకునేవారని థర్‌స్టన్ రాశాడు. పల్లెల్లో డబ్బు కంటే బియ్యమే ఎక్కువ చేతులు మారేది. పాత చీర, చేటెడు ధాన్యం, పెద్ద ఇల్లయితే మధ్యాహ్నం అన్నం కూడా.

బొమ్మల సంగతికొస్తే గడ్డం మీద ఒక్క చుక్క, బుగ్గ మీద చుక్క, కనుబొమల మధ్య బొట్టు, ముంజేతి మీద తేలు, చేప, పువ్వు, ముగ్గు, నామాలు కనిపిస్తాయి. తేలు బొమ్మ ఉన్న చేతిని తేలు కుట్టదని ఒక నమ్మకం. బొమ్మకన్నా చోటు ముఖ్యం. వాకిట్లో ముగ్గు పెట్టే చేతికి ముగ్గే పొడిపించుకోవడంలోని అందం చూడండి: వాకిట్లోది సాయంత్రానికి చెరుగుతుంది, చేతి మీదది కట్టెతో కాలుతుంది.

మందు

నొప్పి ఉన్న కీలు చుట్టూ, మెడ మీద, నడుము మీద చుక్కలు పొడిపిస్తే నొప్పి లాగేస్తుందన్నది గోదావరి పల్లెల్లో పాత నమ్మకం. దీన్ని ఒంటరిగా చూడకూడదు. కామెర్లకు చేతి మీద వాత పెట్టడం, పసిపిల్లల కడుపునొప్పికి పొట్ట మీద చురకలు వేయడం తెలిసిన సమాజం ఇది. ఒంటికి చిన్న గాయం చేస్తే పెద్ద బాధ బయటికి పోతుందన్న ఒకే ఆలోచన వీటన్నిటి వెనకా ఉంది. వాతతో పోలిస్తే పచ్చబొట్టు మెత్తని చికిత్స, పైగా చూడముచ్చటైన మచ్చ మిగులుతుంది.

ఈ ఆలోచన మన ఒక్కళ్ళదే కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన ఐదువేల మూడువందల ఏళ్ళ నాటి మనిషి, ‘ఓట్జీ’ శవం మీద 61 పచ్చబొట్లున్నాయి. అన్నీ గీతలు, అడ్డగీతలే; బొమ్మలు లేవు. వాటిలో చాలా వరకు నడుము, మోకాలు, చీలమండ దగ్గర, అంటే అతని ఎముకలు అరిగిన చోట్ల ఉన్నాయి. అది మందు కోసమేనని పరిశోధకుల్లో చాలామంది అంటారు. అతనికి పొడిచింది కూడా మసే.

నొప్పి నిజంగా తగ్గేదా? సూది పోటుకు ఒళ్ళు స్పందించి కొద్దిసేపు నొప్పి మందగించడం శరీరధర్మమే. అంతకు మించి, అరిగిన మోకాలిని పచ్చబొట్టు బాగుచేస్తుందనడానికి ఆధారం లేదు. కామెర్లకు వాత ఎంత మందో కీళ్ళకు పచ్చబొట్టూ అంతే మందు. అయితే ఈ విద్యలో మందంటూ ఉంటే అది మసిలో కన్నా కూర్చోబెట్టడంలో ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం. పొలం పనికీ పొయ్యి పనికీ మధ్య తన ఒంటి బాధను చెప్పుకునే తీరిక లేని మనిషిని గంటసేపు అరుగు మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, పాట పాడి, భవిష్యత్తు బాగుంటుందని చెప్పి పంపేవారు. ఇంటి వైద్యంలో అంత తీరిక ఆడవాళ్ళకు ఇంకెక్కడా దొరకలేదు.

పేరు మోసే చెయ్యి

భర్త పేరు నోట పలకకూడదన్న కట్టుబాటు ఉన్న రోజుల్లో ఆ పేరు ముంజేతి మీద ఉండేది. జనాభా లెక్కలు రాయడానికి వచ్చిన పంతులు ‘ఇంటాయన పేరేంటమ్మా’ అంటే చెయ్యి చాపి ‘చూసి రాసుకోండి బాబూ’ అనేవారట. పొడిచేవాళ్ళకు చదువు రాదు, పొడిపించుకునేవాళ్ళకూ రాదు. ఎవరో కాగితం మీద రాసిచ్చింది బొమ్మలా చూసి దించేవారు. ఒత్తు జారిపోయినా, అక్షరం తిరగబడినా దిద్దడం ఉండదు. తప్పు కూడా జీవితాంతం ఉంటుంది.

తీర్థాల్లో తప్పిపోకుండా పిల్లల చేతి మీద పేరు పొడిపించేవాళ్ళు కొందరు. ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకరి పేరు ఒకరు పొడిపించుకుని, పెళ్ళిళ్ళయి ఒకరు అమలాపురం వైపూ ఇంకొకరు నరసాపురం వైపూ వెళ్ళిపోయి, మళ్ళీ కలవకపోయినా పేరు మోస్తూ బతికిన కథలు కోనసీమ ఇళ్ళలో వింటాం. పోయిన బిడ్డ పేరు పొడిపించుకున్న తల్లి దుఃఖం పచ్చబొట్టుతో తగ్గదు. కనీసం దానికి ఒక చోటు ఏర్పడుతుంది. లూథరన్, బాప్టిస్టు మిషన్లు ఊరూరా పనిచేసిన ఈ డెల్టాలో ముంజేతి శిలువ కూడా అంతే. కొత్త దేవుడి దగ్గరికి వెళ్ళానని గుడిసెలో ఉన్నవాడు చెప్పుకోగల శాసనం తన చర్మం మీదే రాసుకోవాలి. రాతి మీద రాయించుకునే స్తోమత అతనికి లేదు.

చచ్చాక సొమ్ములు ఇక్కడే ఉంటాయి, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందన్న మాట తెలుగు నేల అంతటా ఉంది. డెల్టాకు ఎగువన పాపికొండల చుట్టూ, చింతూరు, కూనవరం వైపు కోయ ఆడవాళ్ళలో ఈ నమ్మకం మరీ బలం. నుదుటి మీద, చెంపల మీద పొడిచిన గీతలు, చుక్కలు చూసి పెద్దలు పై లోకంలో తమ పిల్లను గుర్తుపడతారంటారు.

మగవాళ్ళ కథ వేరు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మాకు కూలికి పోయిన డెల్టా జనాన్ని రంగూన్‌లో ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. అక్కడి మగవాళ్ళకు నడుము నుంచి మోకాలి దాకా పచ్చ పొడిపించుకోవడం, కత్తి తగలకుండా మంత్రించిన గుర్తులు వేయించుకోవడం ఆచారం. మన దగ్గర ఆడవాళ్ళ సొత్తనుకున్న పని అక్కడ మగతనానికి గుర్తు. మారిషస్‌లాంటి చోట్లకు కూలీలను పంపినప్పుడు తెల్లవాళ్ళ రిజిస్టర్లలో ఒంటి గుర్తుల కోసం ఒక గడి ఉండేది. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చల గడి ఆ రిజిస్టర్లకు చుట్టమే.

చట్టం, జబ్బు

1871 నాటి నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తరాదికే పరిమితం. 1911లో తెచ్చిన కొత్త చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది, ఎరుకలవారి మీద పిడుగులా పడింది. వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి, చాలా కుటుంబాలు సెటిల్‌మెంట్లలో ఉండాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుగానే పుట్టింది. ఊరూరా తిరగడమే బతుకైన విద్యకు తిరగడమే నేరమైంది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. అరుగు మీదకు రానిచ్చే నమ్మకం మాత్రం చట్టం పోయినా తిరిగి రాలేదు. చెయ్యి పట్టుకుని కష్టం అడిగిన మనిషినే వెళ్ళాక చెంబులు లెక్కపెట్టుకుని అనుమానించడం ఊళ్ళు నేర్చుకున్నాయి. పచ్చబొట్టు చరిత్రలో సిగ్గుపడాల్సిన అధ్యాయం ఇదే.

ఆ తర్వాత సూది బ్యాటరీ యంత్రమైంది. అంతర్వేది తీర్థం, జగ్గన్నతోట ప్రభల తీర్థం, పెద్దాపురం మరిడమ్మ జాతర, రాజమండ్రి పుష్కరాలు వంటి జనం గుమిగూడే చోట్ల నేల మీద గుడ్డ పరిచి, బొమ్మల అట్ట పెట్టుకుని, గుయ్‌మనే యంత్రంతో నిమిషాల్లో పేరు చెక్కే మగవాళ్ళు వచ్చారు. పాట పోయింది. అందరికీ ఒకే సూది, ఒకే మసి గిన్నె. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఒకరి నెత్తురు నుంచి ఇంకొకరికి పాకడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఉండదు. 2000 తొలి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న జిల్లాల్లో రెండు గోదావరి జిల్లాలూ ఉన్నాయి. సూది మార్చమన్న ప్రచారం అప్పుడే ఇంటింటికీ చేరింది. నేటికీ పచ్చబొట్టు వేయించుకున్న ఏడాది దాకా రక్తదానం చేయనివ్వకపోవడానికి కారణం ఇదే.

టాటూ గది

పచ్చబొట్టు పొడిచే విద్యుత్ యంత్రానికి 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ పేటెంట్ తీసుకున్నాడు. ఎడిసన్ కాగితాలకు నకళ్ళు తీయడానికి చేసిన విద్యుత్ కలమే దాని మాతృక. ఇవాళ డెల్టా పట్నాల్లో వాడే యంత్రం దాని మనవడు. గదిలోకి వెళ్ళిన కుర్రాడు ముందు ఫోన్‌లో బొమ్మ చూపిస్తాడు. త్రిశూలం, అమ్మ ముఖం, అభిమాన నటుడి సంతకం, బిడ్డ అరికాలి ముద్ర. బొమ్మ కాగితం చర్మానికి అంటించి తీస్తారు, ఊదారంగు గీత మిగులుతుంది. సీల్ విప్పిన కొత్త సూది కళ్ళముందే బిగించాలి. బిగించకపోతే లేచి వచ్చేయాలి. సినిమా ప్రేమలోనూ ఈ ముచ్చట ఉంది. కొవ్వూరు మూలాలున్న రాజమౌళి 2015 నాటి ‘బాహుబలి’లో నాయకుడు నాయిక చేతి మీద ఆమెకు తెలియకుండా పచ్చబొట్టు చిత్రిస్తాడు. నిజం పచ్చబొట్టు అలా తెలియకుండా పడదు. మెలకువగా ఉండి, ఒప్పుకుని, ఓర్చుకున్నప్పుడే పడుతుంది.

వైద్యం ఇప్పుడు నిజంగానే ఈ సూదిని వాడుకుంటోంది. బొల్లి మచ్చ వ్యాపించడం ఆగాక, పెదాల్లాంటి చోట చర్మపు రంగును పొడిచి నింపే సూక్ష్మ వర్ణ చికిత్సను చర్మవైద్యులు చేస్తారు. బొల్లి అంటురోగం కాదని ఎన్నిసార్లు చెప్పినా పెళ్ళి సంబంధం తప్పిపోయే సమాజంలో ఆ నాలుగు చుక్కల విలువ వేరు. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయ్యాక పోయిన చనుమొన ఆకారాన్ని రంగుతో తిరిగి నిలుపుతారు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు కిరణాలు రోజూ ఒకే చోట పడేందుకు ఒంటి మీద ఆవగింజంత చుక్కలు పొడుస్తారు. మన గడ్డం చుక్కకు సరిగ్గా కవల. కాలిన మచ్చల మీద, నిరాశలో మణికట్టు మీద తానే చేసుకున్న గాట్ల మీద తీగో పక్షో వేయించుకునే యువత ఉంది. మచ్చ పోదు, దాన్ని చూసినప్పుడు గుర్తొచ్చేది మారుతుంది. అయితే గాయం పచ్చిగా ఉన్నప్పుడు, మనసు కుదుటపడనప్పుడు వెళ్ళకూడదు. ముందు డాక్టరు దగ్గరికి, తర్వాతే టాటూ గదికి.

చెరగదన్న మాట వెనక ఒక వింత ఉంది. రంగు రేణువులను పరాయివని గుర్తించి మింగే కణాలే వాటిని మోస్తూ చర్మంలో ఉండిపోతాయి. ఆ కణాలు చనిపోతే పక్కనే పుట్టిన కొత్తవి అదే రంగును మళ్ళీ మింగుతాయని 2018లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించారు. ఒళ్ళు గుర్తును తరతరాల కణాలకు అప్పగిస్తోందన్నమాట. లేజరు ఆ రేణువులను ముక్కలు చేస్తుంది. నల్లమసి తొందరగా లొంగుతుంది, రంగులు మొండికేస్తాయి. రంగుల మీద అనుమానాలూ ఉన్నాయి: ఐరోపా సమాఖ్య 2022 నుంచి వేల రసాయనాలను టాటూ సిరాల్లో కట్టడి చేసింది, ఏడాది తర్వాత ఒక ఆకుపచ్చ రంగును కూడా ఆపింది.

చెరిపించుకోవాలనుకునేవారిలో సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ళు ఎక్కువ. సైన్యం నియమాల ప్రకారం ముంజేతి లోపలి వైపూ అరచేతి వెనకా తప్ప మరెక్కడా శాశ్వతమైన పచ్చబొట్టు ఉండకూడదు. ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకు మినహాయింపు ఉంది. ఇంటికొకరు సైన్యంలో ఉన్నారని పేరుపడ్డ తాడేపల్లిగూడెం పక్క మాధవరం లాంటి ఊళ్ళున్న సీమ ఇది. పద్దెనిమిదేళ్ళకు భుజం మీద వేయించుకున్న పేరు పంతొమ్మిదేళ్ళకు ఉద్యోగానికి అడ్డం పడుతుంది. ప్రేమించిన పిల్ల పేరైతే రెండు నష్టాలు.

ఎరుకలసాని పొడిచిన బొమ్మలు ఉన్నది మాత్రం డెబ్భై, ఎనభై దాటిన ఆడవాళ్ళ చేతుల మీదే. ముడతల్లో గీతలు కలిసిపోయాయి, తేలు కాళ్ళు మసకబారాయి. ఆ చేతులతోపాటే అవీ కాలిపోతాయి. 2027లో గోదావరికి మళ్ళీ పుష్కరాలు. మీ ఇంటి పెద్దావిడను రేవుకు తీసుకువెళ్ళే ముందు ఒకసారి ఆవిడ చెయ్యి ఎండలో పెట్టి ఫొటో తీయండి. ఎవరు పొడిచారో, ఏ ఊళ్ళో, ఎంత నొప్పి పుట్టిందో, బదులుగా ఎన్ని సోలల బియ్యం ఇచ్చారో అడిగి తేదీ వేసి రాసిపెట్టండి.